యాంగ్‌చెన్ తమ్ముడికి సాక్షి

కర్నూలులో చలికాలమంటే మధ్యాహ్నపు ఎండ కాస్త మొహమాటపడటమే. అంత మాత్రానికే మా జనం స్వెట్టర్ల కోసం ఎగబడతారు. ఏటా ఆ రోజుల్లో కర్ణాటకలోని ముండగోడు నుంచి టిబెట్ వాళ్ళు వచ్చి, నా కుట్టు అంగడి ఎదురుగా టార్పాలిన్లు కట్టుకుని స్వెట్టర్లు అమ్ముతారు. వాళ్ళలో యాంగ్‌చెన్ నా స్నేహితురాలు. జిప్పులు కుట్టించుకోవడానికి వచ్చి కబుర్లలో పడింది. కన్నడం కలిసిన మా సీమ తెలుగే మాట్లాడుతుంది. ఉన్ని వాసనా, ఆమె కాచే ఉప్పు టీ వాసనా కలిసి రోడ్డు దాటి వస్తుంటే మిషను తొక్కుతూనే నాకు కళ్ళు మూతలు పడేవి.

ఈసారి ఆమె అంగట్లో ఒక కుర్రవాడి ఫోటో వెలిసింది. తమ్ముడట, లోద్రో. ఫోటో ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పెన్నూ, వేలిముద్రల సిరాపెట్టే పెట్టింది. 'టిబెట్ ఖైదీలను విడుదల చేయండి' అని గుడ్డ మీద నాచేతే రాయించుకుంది. ఊరూరా స్వెట్టర్లమ్మే వాళ్ళంతా ఇలాగే సంతకాలు పట్టి, గుడ్డలన్నీ కలిపి కుట్టి ఢిల్లీలో ఊరేగిస్తారట.

"ఎవర్ని నరికినాడు మీ తమ్ముడు?" అని అడిగాను. మా వైపు జైలుకు పోయే దారి అదొక్కటే తెలుసు నాకు.

"ఆడ టిబెట్లో పాట పాడినాడక్కా. చైనావోళ్ళు పట్టకపోయిరి."

"పాటకు జైలా! ములాఖత్ ఎప్పుడిస్తారు?"

"యాడుండాడో చెప్పరు. ఉండాడో లేడో కూడా చెప్పరు. వచ్చే మా కొత్త సంవత్సరానికి వాడి పేరున చావు దీపాలు పెట్టేద్దామని మావాళ్ళు అంటాండారు. నేనొక్కదాన్నే వద్దంటాండా. నేనూ సరేనంటే వాడు నిజంగా పోతాడక్కా."

నా కాలు మిషను మీద ఆగిపోయింది. నా భర్త మునీంద్ర కడప జైల్లో ఉన్నాడు. అయినా నెలకోసారి జాలీ అవతల ఆ ముఖం కనిపిస్తుంది, చిక్కిపోయావని తిట్టడానికి నాకొక మనిషి ఉన్నాడు. ఆమెకు అదీ లేదు.

గుడ్డ మాత్రం తెల్లగానే ఉండిపోయింది. జనం స్వెట్టరు బేరమాడతారు, ఫోటో చూసి అయ్యో పాపం అంటారు, పెన్ను చూడగానే వాళ్ళకు బస్సు గుర్తొస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈ సీమలో సంతకమంటే సాక్ష్యం, సాక్ష్యమంటే తలనొప్పి. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో మునీంద్ర మీద మోపిన ఆ హత్య జరిగిన పొద్దు అతను శనగచేలో ఉన్నాడు. అక్కడ అతన్ని చూసినవాళ్ళు ఊరంతా, సంతకం పెట్టినవాళ్ళు సున్నా. పెళ్ళాం మాట, తల్లి మాట కోర్టులో నిలవలేదు. అప్పటినుంచి మా అత్త బసమ్మ నాతో ఒట్టు వేయించుకుంది, దేనిమీదా మన ఇంటివాళ్ళ పేరు పడకూడదని. అందుకే ఆ గుడ్డ మీద నా పేరూ లేదు.

ఒక మధ్యాహ్నం కునుకులో కడప జైలుకు వెళ్ళాను. దారి పొడుగునా నాపరాళ్ళ మీద మంచు కురుస్తోంది. జాలీ అవతల మునీంద్ర కూర్చునే చోట లోద్రో కూర్చుని ఉన్నాడు, కనుబొమల మీద తెల్లటి పొడితో. నేను తెచ్చిన బెల్లం ఓళిగలు వాసన చూసి నవ్వాడు. అక్క ఎందుకు రాలేదని అడిగాడు. నీ చిరునామా తెలియక అని చెప్పబోయాను. మెలకువ వచ్చేసరికి ఎదురుగా స్వెట్టర్లు గాలికి చేతులూపుతున్నాయి.

మర్నాడు అత్త ఊరినుంచి దిగింది, ఇద్దరం కలిసి ములాఖత్‌కు పోదామని. ఆ రోజే లోద్రో పుట్టినరోజు. యాంగ్‌చెన్ ఫోటోకు తెల్లటి కండువా వేసి, ముందర దీపం పెట్టింది. రోడ్డు దాటుతూ అత్త అది చూసింది. చేతిసంచి అక్కడే వదిలేసి, తిన్నగా పోయి యాంగ్‌చెన్ మెడ కావలించుకుని శోకం ఎత్తుకుంది.

"ఓ నా తండ్రీ! పండులాంటి బిడ్డవు, ఎట్ల పోతివి నాయనా! నీ అక్కనెవరు సూడాల నాయనా!"

యాంగ్‌చెన్ కట్టెలా బిగుసుకుపోయింది. "లేదవ్వా! వాడు బతికే ఉండాడు! కండువా మా మర్యాద! దీపం వాడి పుట్టినరోజుకు!" అని అరిచింది.

జనం మూగారు. అత్త చటుక్కున ఆగి, చెంపలు వేసుకుంది.

"తప్పాయె తల్లీ. బతికినోడికి ఏడిస్తే ఆయుస్సు పెరుగుతాదిలే, భయపడాకు." కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "ఈ గుడ్డేందిమే?"

సంగతంతా చెప్పాను. ఆమె ఖాళీ గుడ్డను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చేత్తో తడిమింది.

"వీడు బతికుండాడని చెప్పేదానికి ఒక్కడూ లేడా?"

"లేడత్తా."

అత్త బొటనవేలు సిరాపెట్టె మీద గట్టిగా అద్దింది.

"అత్తా, మన ఒట్టు..."

"ఒట్టు తీసి గట్టున పెట్టినా. నువ్వు రాయి. కోయిలకుంట్ల బసమ్మ సాక్షి. ఈ బిడ్డ బతికుండాడు. నా కండ్లారా చూసినా."

"యాడ చూసినావత్తా?"

"శనగచేలో నా కొడుకును చూసినోళ్ళంతా చూళ్ళేదనిరి గదా. నేను చూడకుండానే చూసినానంటా. దానికీ దీనికీ సరిపాయె."

వేలిముద్ర పడింది. దాని పక్కన ఆమె చెప్పినట్టే రాసి, కింద 'రాసినవారు శివకుమారి' అని నా పేరూ పెట్టాను. గుంపులోంచి ఎవరూ ముందుకు రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

యాంగ్‌చెన్ వంగి, తడి ఆరని ఆ ముద్రను చూసింది. చూస్తూ చూస్తూ స్వెట్టర్ల కుప్ప మీద కూలబడి, ముఖం ఉన్నిలో దాచుకుని భోరుమంది. నేను కంగారుపడి భుజం పట్టుకున్నాను.

"ఇన్నేళ్ళూ ఏడవలేదక్కా," అంది వెక్కుతూ. "నేనేడిస్తే వాడు పోయినాడని ఒప్పుకున్నట్టే గదా. ఇప్పుడు అవ్వ చూసిందంట."