అఖిల రెండో కార్డు

అఖిల కడుపులోని బిడ్డ పదహారు రోజుల కిందటే పుట్టి ఉండాల్సిందని నిషాత్‌కు తెలిసింది జూలై పదమూడో తేదీ పొద్దున పదిన్నరకు, బీరువా అడుగు నుంచి తీసిన ఒక చెమ్మపట్టిన కాగితం ముక్క వల్ల.

నిషాత్‌ది బోధన్. నర్సింగ్ చివరి ఏడాది. మోస్రా దగ్గరి ఒక ఊళ్లో, చిన్న ఆరోగ్య కేంద్రంలో ఆరు నెలల శిక్షణకు వచ్చింది. మూడు రోజులుగా ముసురు. బీరువాలో కాగితాలు బూజు పడుతున్నాయని తీసి బల్ల మీద ఆరబెడుతోంది.

గర్భిణికి కార్డు ఇచ్చేటప్పుడు అందులో ఒక ముక్క చింపి కేంద్రంలో దాచుకుంటారు. అఖిల ముక్క మీద ఏఎన్ఎం రోజా చేతిరాత ఉంది. ఆఖరి నెలసరి సెప్టెంబర్ 20. కాన్పు జూన్ 27.

గోడ మీద, కార్డులు చూసి రాసిన ఈ నెల కాన్పుల పట్టీలో మాత్రం అఖిల పేరు ఎదురుగా జూలై 27 అని ఉంది. ఆమె దగ్గరున్న కార్డులోనూ అంతే. ఆఖరి నెలసరి అక్టోబర్ 20. ఆ కార్డు రాసింది నిషాతే.

నెలసరి తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపింది. మళ్లీ కలిపింది. లెక్క సరిగానే ఉంది. తేదీలే రెండు.

"మేడం, అఖిల తారీఖు మీకెవలు చెప్పిన్రు?"

టీకాల డబ్బా సర్దుతున్న రోజా తలెత్తింది. "అఖిలనే. ఎందుకు?"

నిషాత్ ముక్క చూపించింది. రోజా చదివి, గోడ వైపు చూసి, డబ్బా మూత వదిలేసింది.

"నీకెవలు చెప్పిన్రు?"

"వాళ్ల మామ, లింగం బాపు. మార్చిల వచ్చిండు. పాత కార్డు నీళ్లల్ల పడి ఖరాబైందన్నడు. స్కాన్ కాగితం సుత పోయిందన్నడు. ఆ రోజు రిజిస్టర్ మీరు మీటింగ్‌కు తీస్కపోయిన్రు. కొత్తది రాసిచ్చిన."

"పిల్లను అడగలేదా?"

నిషాత్ అడగలేదు. నెలసరి తేదీ ఆ మనిషినే అడగాలి, వెంట వచ్చినవాళ్లను కాదు. మొదటి ఏడాది మొదటి వారంలోనే చెప్పే పాఠం అది. ఆ తర్వాత కూడా హెచ్చరికలు అందాయి. మేలో టేపు పెట్టి కొలిస్తే పొట్ట నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ చూపింది. "పెద్ద బిడ్డ" అని నవ్వి, అలాగే రాసేసింది.

అఖిల నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది అత్త గంగుబాయి.

"పిల్లకేమైతది నర్సమ్మా? మంచిగనే బీడీలు సుడుతాంది."

"లోపల బిడ్డ కదులుతున్నడా, అడుగు."

ఫోన్ దూరంగా పెట్టి ఏదో అడగడం వినిపించింది. తర్వాత నవ్వు. "నిన్న మాపటి సంది కదుల్తలేడంట. తండ్రి కోసం దుబాయ్ పోయిండేమో!"

స్కూటీ మీద పది నిమిషాల దారి. రోజా నడిపింది. వెనక కూచుని నిషాత్ 108కు ఫోన్ చేసింది.

అఖిల వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఇరవై రెండేళ్లుంటాయి. ముందర తునికాకు కట్టలు, తంబాకు. చాట పక్కన పెట్టించి, చాప మీద పడుకోబెట్టి, నిషాత్ బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం పొట్ట మీద ఆనించి చెవి పెట్టింది. ఎడమ పక్క. కుడి పక్క. బొడ్డు కింద. రేకుల మీద వాన తప్ప ఏమీ వినిపించలేదు. రోజా చేతి మిషన్ పెట్టింది. గరగర, అంతే.

"గంతసేపు వింటున్నరేందక్కా? దాక్కున్నడా?"

"వానకు వినిపిస్తలేదు. నిజామాబాద్ పోదాం, పెద్ద మిషన్ ఉంటది."

"బట్టలు సర్దుకోనా?"

"సర్దుకో."

గంగుబాయి అడ్డం వచ్చింది. "ఇంక పదిహేను రోజులుండంగ ఇప్పుడే తోల్కపోతరా? మీకేమన్న టార్గెట్లున్నయా?"

లింగం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అరవై రెండేళ్ల మనిషి. చక్కెర ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో కూలీల హాజరు రాసే పని చేసి మానేశాడు. ఊళ్లో ఎవరికి దరఖాస్తు రాయాలన్నా ఆయనే రాస్తాడు. కోడలిని ప్రతి పరీక్షకూ వెంట తీసుకొచ్చేదీ ఆయనే, కార్డు పట్టుకునేదీ ఆయనే. ఇప్పుడు చెప్పులు తొడుక్కుని ముందే బయటికి నడిచాడు.

అంబులెన్సులో అఖిల నిషాత్ చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పిన గదక్కా, జూన్‌లనే. నెలలు నిండినట్టున్నయని. మీరు కార్డు సూపెట్టి, ఇంక టైం ఉంది, తొందరేంది అన్నరు."

"మళ్లొకసారి గట్టిగ చెప్పకపోతివి."

"మీరు సదువుకున్నోళ్లు. నేనే తప్పు లెక్కవెట్టిన్నేమో అనుకున్న."

పసుపు మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఎనిమిది నిమిషాలు పోయాయి. నిషాత్ నాలుగుసార్లు పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. ఒకసారి కదిలినట్టే అనిపించింది. అది బండి కుదుపు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చేస్తూ చేస్తూ తెరను తన వైపు తిప్పుకుంది. నిషాత్‌కు అర్థమైంది. అఖిలకు కాలేదు.

"మగపిల్లోడు కాదు గదా మేడం? మాకు ఆడపిల్లనే కావాలె" అంది.

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. రోజాను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. గుండె ఆగిపోయింది. ఉమ్మనీరు దాదాపు లేదు. తేదీ దాటి రెండు వారాలు పైనే అయ్యింది. ఇంతకాలం ఎందుకు ఆగారు? పది రోజుల ముందు తెచ్చి ఉంటే నొప్పులు తెప్పించేవాళ్లం, పిల్ల ఏడుస్తూ పుట్టేది. ఇప్పుడూ నొప్పులే తెప్పించాలి.

మధ్యాహ్నం మూడింటికి వార్డు బయట గంగుబాయి నిషాత్ మీదికి వచ్చింది. "నువ్వే రాసినవు గదనే కార్డు! నా ఇల్లు ముంచినవు. సదువుకున్నవా, గడ్డి కోసినవా?"

నిషాత్ తప్పించుకోలేదు. రెండు కార్డుల సంగతీ చెప్పింది. "రాసింది నేనే. అఖిలను అడగకపోవడం నా తప్పే. కాని అక్టోబర్ అని నాకు బాపు చెప్పిండు. ఎందుకు చెప్పినవ్ బాపు?"

గంగుబాయి మొగుడి వైపు తిరిగింది. లింగం బల్ల మీద కూచుని, నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"కార్డు నీళ్లల్ల పడలే. పొయ్యిల వెట్టిన. స్కాన్ కాగితం సుత. మార్చిల రంజిత్ దుబాయ్ నుంచి ఫోన్ చేసి, బాపూ, కార్డు ఫొటో పంపు, దోస్తులకు సూపెడ్త అన్నడు. అప్పుడు సదివిన. సెప్టెంబర్ ఇరవై. పక్కన వారాలు గూడ అక్కన్నుంచే లెక్కవెట్టి రాసిన్రు. నా కొడుకు సెలవు మీద ఇంటికొచ్చి విమానం దిగింది అక్టోబర్ ఒకటిన. జిందగంత తారీఖులే రాసినోణ్ని. పదకొండు రోజుల ఫరక్ నాకు కనవడదా?"

"బాపూ." నిషాత్ ఆయన ముందు కూచుంది. "అందరికీ గట్లనే రాస్తం. కడుపు వచ్చిన దినం ఎవలికీ తెల్వదు. అందుకే ఆఖరి నెలసరి నుంచి లెక్క. కడుపు నిలిచేది ఆ తర్వాత రెండు వారాలకు. అంటే రంజిత్ వచ్చినంకనే."

లింగం తల ఎత్తాడు.

"గా ముచ్చట నాకు తెల్వదు బిడ్డా. ఎవలను అడగాలె? మామ పోయి కోడలి నెలసరి గురించి ఎవలను అడుగుతడు? ఫొటో పంపితే వాడు లెక్కవెడ్తడు, పిల్ల బతుకు ఆగమైతది అనుకున్న. మా గంగుబాయికి సుత చెప్పలే. మీ దగ్గరికొచ్చి నెల మార్పిచ్చిన. తారీఖు ఇరవై గట్లనే ఉంచిన, నెల ఒక్కటే జరిపిన. రెండో కార్డు ఫొటో తీసి పంపిన. వాడు సంబురపడ్డడు. ఆ దినం సంది పిల్ల మొఖం నేను సక్కగ సూడలే. మామా, నెలలు నిండినయేమో అని పోయిన వారం అడిగితే, కార్డుల ఉన్నది గదా, పండుకో అన్న. లోపలున్నది ఎవలదైతేంది, మా ఇంట్లనే పుట్టాలె, మా ఇంట్లనే పెరగాలె అనుకున్న. గంత పెద్ద మనసు నాది అనుకున్న. గది మా రంజిత్ బిడ్డనే అని ఇయ్యాల మీరు చెప్తున్రు."