రికార్డులో ఉండిపోయిన గొంతు

ఆదివారం పొద్దున కాఫీలు కాగానే ఆయన రికార్డు ప్లేయరు మూత తీసి, భార్య పెళ్ళికి ముందు పాడిన ఒకే ఒక్క రికార్డు పెట్టేవాడు. “పాడింది చాల్లే, ఇక ఇల్లు చూసుకో” అని పెళ్ళైన కొత్తలో ఆయన అన్ననాడే ఆవిడ గొంతు అందులో ఉండిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ కూరలవాడితో వేళ్ళతో బేరమాడుతుంది, మొగుడితో కళ్ళతో పోట్లాడుతుంది. పక్కింటావిడ గోడ మీంచి “గొంతు ఇంకా రాలేదా?” అని, కుళాయి నీళ్ళ గురించి అడిగినట్టే అడిగేది.

పాట ఎగిరెగిరి పడుతోందని ఆయన ప్లేయరులో సూది ఉండే చేతి మీద ఒక నాణెం అంటించాడు. ఆ బరువుకి పాట నలిగి, ‘స’ వచ్చిన చోటల్లా బుసకొట్టేది. గొంతు ఆవిడ మెడదాకా వచ్చి, గరగరా గీరుకుని వెనక్కి పోయేది.

ఒకరోజు భోంచేస్తూ ఆయన, “పాత రికార్డులు సేకరించే పెద్దమనిషి ఆదివారం వస్తున్నాడు. ఇచ్చేస్తున్నా” అన్నాడు.

“అది అక్క గొంతు కదా, బావగారూ!” అంది వడ్డిస్తున్న ఆవిడ తోటికోడలు.

“వచ్చేదైతే ఇన్నాళ్ళూ రాదా?” అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆవిడ నాణెం పీకి పారేసింది. తోటికోడలి చేతికి టార్చి ఇచ్చింది. సూది చేతికి వెనకున్న బరువుని తిప్పీ తిప్పీ, ఆ చెయ్యి పైకి లేవకుండా కిందికి వాలకుండా గాల్లో తేలేదాకా తెచ్చింది. అక్కణ్ణుంచి సూదికి కావలసినంత బరువే ఇచ్చింది. సూది కింద చిన్న అద్దం పెట్టి చూస్తే, సూదిని పట్టుకునే చిన్న డబ్బీ ఒక పక్కకి ఒరిగి ఉంది. మరలు వదులు చేసి గోటితో జరిపింది. ఒక మర జారిపడితే ఇద్దరూ నేలంతా తడిమారు.

“బావగారికి తెలిస్తే?”

ఆవిడ భుజాలెగరేసి మర బిగించింది.

రికార్డు పెడితే మొదట బాగానే పాడింది. లోపలి గీతల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ బుస. విప్పింది, జరిపింది, బిగించింది. ఈసారి ఒక అమ్మాయి ఊపిరి తీసుకోవడం వినబడింది. పాట స్పీకరులో సన్నబడుతూ, ఆవిడ మెడలో వెచ్చబడుతూ సాగింది. ఆఖరి చరణానికి స్పీకరులో ఏమీ మిగల్లేదు.

“టార్చి ఆర్పవే, బ్యాటరీ అయిపోతుంది” అంది ఆవిడ.

తోటికోడలు టార్చి ఆర్పి, ఏడ్చేసింది.

ఆదివారం పెద్దమనిషి వచ్చాడు. రికార్డు తిరుగుతోంది గానీ చప్పుడు లేదు. ఆవిడ మొగుడు స్పీకరు మీద రెండు దెబ్బలు వేశాడు.

“ఇందులో ఏమీ లేదేమిటండీ?” అన్నాడు పెద్దమనిషి.

“అందులో ఉన్నది నాది. తీసేసుకున్నాను” అంది ఆవిడ గుమ్మంలోంచి.

ఆయన కింద కూర్చుని స్పీకరు వెనక తీగలు వెతికాడు. పెద్దమనిషి మాత్రం చేతులు జోడించి, “అయితే ఆ పాట మీరే పాడతారా అమ్మా?” అన్నాడు.

“ఆవిడ పాడదండీ” అన్నాడు ఆయన, అలవాటుకొద్దీ.

“పాడతాను. ఇక్కడా పాడతాను, పిలిచిన చోటికల్లా వెళ్ళీ పాడతాను. ఇల్లెవరు చూసుకుంటారో మీరే చూసుకోండి.”

నడుం మీద చెయ్యి వేసుకుని, నిలబడే పాట ఎత్తుకుంది. “మెల్లిగా పాడవే, వీధంతా వింటారు!” అంటూ ఆయన లేచి ఒక్కో కిటికీ మూసుకుంటూ పోయాడు. వెనకాలే తోటికోడలు ఒక్కోటీ తెరుచుకుంటూ వెళ్ళింది.