తావు తప్పిన కుంట

రోజూ పొద్దున్నే రూత్ చేసే మొదటి పని, కుంట ఎక్కడుందో చూడడం. ఫ్లాస్కులో టీ పోసుకుని, బూట్ల లేసులు బిగించి, పెరటి గోడ దగ్గర నిలబడి బ్రాక్‌రిగ్ కొండ భుజం మీదికి చూస్తుంది. నీళ్ళ మెరుపు కనబడితే ఇంట్లో ఉన్నట్టు. తర్వాత కార్ పార్కుకి వెళ్ళి, అక్కడి నల్లబోర్డు మీద సుద్దతో రాస్తుంది: గాలి ఎటు వీస్తోంది, మంచు ఎంత ఉంది, కెల్డా కుంట ఇంట్లో ఉందా, బయటికెళ్ళిందా. నేషనల్ పార్కువాళ్ళు ఆమెకి జీతమిచ్చేది ఇలాంటి పనులకే.

కెల్డా కుంట పెద్దదేం కాదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రాయి విసరొచ్చు. పొగమంచు దిగిందంటే ఉన్నచోట ఉండదు. కొండ మీద అటూ ఇటూ తిరిగి, మంచు విడిచాక వచ్చి తన గుంటలో పడుకుంటుంది. ఊళ్ళో ఎవరికీ ఇదొక విషయమే కాదు. మ్యాపులో దాని చుట్టూ చుక్కల గీత వేసి ఊరుకున్నారు. సెలవులకి వచ్చే జనమే, "ఇందాక ఇటుపక్క చూశామండీ" అంటూ రూత్‌తో తగాదా పెట్టుకుంటారు.

ఆ జనానికి ఇంకో జబ్బుంది. ఎక్కడ కూర్చుని శాండ్‌విచ్ తింటే అక్కడ నాలుగు రాళ్ళు పేర్చి, ఫొటో తీసుకుని పోతారు. తర్వాత మంచులో వచ్చినవాడు అది దారి గుర్తనుకుని పోయి ఏ ఊబిలోనో దిగబడతాడు. అందుకని అసలు గుర్తుల జాబితా ఒకటి ఆఫీసులో ఉంటుంది. అందులో లేని కుప్పలన్నీ చెదరగొట్టాలి. ఆ మంగళవారం రూత్ పదకొండు చెదరగొట్టింది. పన్నెండోది మొండికేసింది. కింది రాళ్ళు నాచుపట్టి నేలలో పాతుకుపోయాయి. జాబితాలో లేదు కదా అని గడ్డపార పెట్టి దాన్నీ లేపేసి, పని బాగా అయిందనుకుంటూ ఓ బిస్కెట్ కూడా తింది.

గురువారం మధ్యాహ్నం పొగమంచు దిగింది. రూత్ ఇంటికొచ్చేసరికి వాళ్ళ నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు పక్కన చేతికర్ర లేదు.

వాళ్ళ నాన్న ఐజాక్‌కి ఎనభై మూడేళ్ళు. అరవై ఏళ్ళు ఆ కొండ మీద హెర్డ్విక్ జాతి గొర్రెలు కాశాడు. అక్కడ కంచెలుండవు. ఏ మంద తావు ఏదో తల్లి గొర్రె పిల్లకి నేర్పుతుంది, అవి ఆ తావు దాటవు. ఇప్పుడు ఐజాక్‌కి మతిమరుపు. మంద అమ్మేసిన సంగతి గుర్తుండదు, పెళ్ళాం పోయిన సంగతి గుర్తుండదు. ఒక్కోరోజు రూత్‌ని చూసి, "పార్కు అమ్మాయివి కదూ?" అని మర్యాదగా పలకరిస్తాడు. ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. తావు తప్పిన జీవం కనబడితే, అది ఎవరిదైనా సరే, చేతిలో పని ఆపి దాని చోటికి తోలిపెట్టాలి. కిందటి నెల ఎవరిదో కుక్కని మూడు మైళ్ళు తోలుకెళ్ళి హోటల్లో అప్పగించాడు. అది తప్పిపోలేదు మహాప్రభో అని దాని యజమాని వెనకాల పరిగెడుతూ మొత్తుకున్నా వినలేదు.

పక్క పొలం విల్ఫ్ గేటు దగ్గర ట్రాక్టర్ కడుగుతున్నాడు.

"బాబాయ్, నాన్నని చూశావా?"

"ఒంటిగంటకి పైకి పోయాడమ్మా. గొర్రెల్ని దించుకొస్తానన్నాడు. ఏ గొర్రెల్నయ్యా అంటే నన్ను తిట్టాడు."

"ఆపొద్దూ?"

"ఆపితే ఆగే మనిషేనా మీ నాన్న? అప్పటికి మంచు లేదులే. కంగారుపడకు. బుర్రకి తెలియకపోయినా కాళ్ళకి దారి తెలుసు. కొండ అంచు దగ్గర రాతిమనిషి ఉన్నాడుగా. చేతికి తగలగానే ఎడంపక్కకి తిరుగుతాడు. యాభై ఏళ్ళుగా అదే తిరగడం."

"ఏ రాతిమనిషి?"

"మీ నాన్న దారి గుర్తుకి కట్టిన రాళ్ళకుప్పే. పొట్టిగా, నాచుపట్టి ఉంటుంది చూడు."

రూత్ గేటు పట్టుకుంది.

"అది జాబితాలో లేదు బాబాయ్. మంగళవారం నేనే తీసేశాను."

విల్ఫ్ ఏ మాటకైనా ఎగతాళి చేసే మనిషి. ఈసారి చెయ్యలేదు. నీళ్ళ గొట్టం కట్టేసి, కొట్టంలోంచి తాడు తెచ్చుకున్నాడు.

కొండ మీద తప్పిపోయినవాళ్ళని వెతికే రక్షణ దళానికి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. గంట ఎవరాగుతారు? ఇద్దరూ ఎక్కారు. చాచిన చెయ్యి కనబడని మంచు. ఆ నాచు చూసైనా ఆగొద్దా, ఎవరు కట్టారని ఇంట్లో ఒక్కమాట అడగొద్దా అని రూత్ దారంతా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. మధ్యమధ్య "నాన్నా" అని పిలిచేది.

రాతిమనిషి ఉండాల్సిన చోట ఆమె చెదరగొట్టిన రాళ్ళు అలాగే పడున్నాయి. పక్కన మెత్తటి నల్లమట్టిలో మేకుల బూట్ల అచ్చులు, కర్ర గుచ్చిన గుంటలు. ఎడంపక్కకి తిరగలేదు. తిన్నగా అంచు వైపే వెళ్ళాయి. అక్కణ్ణించి అంచుకి ముప్ఫై అడుగులు. అంచు దాటితే రెండు తాటిచెట్ల లోతు.

రూత్ మోకాళ్ళ మీద పాకింది. ఇరవై అడుగుల తర్వాత అచ్చులు ఆగిపోయాయి. ఆ పైన అంచు దాకా నేలంతా కడిగేసినట్టుంది. గడ్డి ఒకపక్కకి దువ్వినట్టు పడుకుంది. ఆమె బోర్లా పడుకుని కిందికి చూసింది. తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు.

"రూత్," అన్నాడు విల్ఫ్ వెనకనుంచి. అతని చేతిలో నీటినాచు తీగ ఉంది. "కుంట ఇక్కడికొచ్చింది. నా ఎరుకలో ఎప్పుడూ ఇటు రాలేదే."

అప్పుడే ఎడంపక్కనుంచి, దూరంగా, "హో... హో... పద" అని గొంతు వినబడింది. గొర్రెల్ని తోలే గొంతు.

తడి జాడ పట్టుకుని ఇద్దరూ పరిగెత్తారు. మంచులో ముందు కుంట కనబడింది. గడ్డి మీదుగా బుద్ధిగా, తొణక్కుండా పోతోంది. దాని వెనక, మోకాళ్ళ దాకా తడిసిపోయి, కర్రతో నేల మీద తడుతూ ఐజాక్.

"ఎవరిదో ఈ కుంట," అన్నాడు వీళ్ళని చూసి, విసుగ్గా. "అంచు మీద నిలబడుంది. ఎటు పోబోయినా కాళ్ళకి అడ్డం పడింది. ఇంకో నాలుగడుగులేస్తే పడిపోయేది పాపం. తావు తప్పినదాన్ని అలా వదిలేసి పోతామా?"

"పోకూడదు," అన్నాడు విల్ఫ్. పక్కకి తిరిగి ముక్కు చీదుకుని, రక్షణ దళానికి ఫోన్ చేశాడు.

కుంట తన గుంటలోకి దిగి సర్దుకుంది. ఐజాక్ వంగి, గొర్రె వీపు తట్టినట్టు నీళ్ళని తట్టాడు. తర్వాత రూత్ కోటు మీది పార్కు బిళ్ళ చూశాడు.

"పార్కు అమ్మాయివి కదూ? దీన్ని చూసుకునేవాళ్ళకి చెప్పు, మంచులో ఒంటరిగా వదలొద్దని."

"నేనేనండీ చూసుకునేది," అంది రూత్. "నాదే తప్పు. ఇంకెప్పుడూ వదలను."

ఐజాక్ ఆమె మొహంలోకి చూశాడు. బురద పట్టిన మోకాళ్ళు చూశాడు.

"మంచులో నువ్వూ తిరుగుతున్నావే. నీ తావు ఎక్కడ?"

రూత్ చెయ్యెత్తి కొండ దిగువకి చూపించింది.

"ఐజాక్ గారిల్లండీ. వాగు పక్కన."

"నాకు తెలుసు ఆ ఇల్లు," అన్నాడతను. "పద, పొద్దుండగానే నిన్నూ తోలిపెడతాను."

రూత్ ముందు నడిచింది. వెనక వాళ్ళ నాన్న కర్ర చప్పుడు ఇంటి గుమ్మం దాకా వినబడుతూనే ఉంది.