వందకు ఐదుగురు

నేను ఒక రబ్బరు స్టాంపును. నున్నటి చెక్క పిడి, ఊదారంగు సిరా, ముఖాన ‘ఎంపిక కాలేదు’ అన్న రెండు మాటలు. ఇంతే నేను. బస్టాండు ఎదుట గొడుగు కింద కూర్చుని నన్ను చేసినాయన, నాకు ఇంత పని పడుతుందని అనుకుని ఉండడు.

మా ఊళ్లో రెండు విశ్వవిద్యాలయాలు. జనం వాటి అసలు పేర్లు ఎప్పుడో మరిచిపోయి ఎర్రగేటు, నీలగేటు అంటారు. ఎర్రగేటు వాళ్లు వందమంది అడిగితే ఎనిమిదిమందికే సీటిస్తారు. మా నీలగేటు అడిగిన వాళ్లందరికీ ఇచ్చేది. పెళ్లిళ్లలో ఎవరైనా పిల్లాణ్ణి నీలగేటులో చేర్చామంటే, ‘అలాగా’ అని సాంబారు వడ్డించమనేవారట. పాఠాలు ఎక్కడ బాగా చెబుతారని ఒక్కరూ అడగ్గా నేను వినలేదు.

కొత్తగా వచ్చిన వైస్ ఛాన్సలర్ గారికి ఇది తలకొట్టేసినట్టయింది. “కాదనడం నేర్చుకోవాలయ్యా, అప్పుడే విలువ,” అన్నారు. వెంటనే దరఖాస్తు ఉచితం చేశారు, నన్ను చేయించారు. అడ్మిషన్ల సూపరింటెండెంటు గవర్రాజు గారిని జిల్లాలోని ఇంటర్ కాలేజీలన్నీ తిప్పారు. ఆయన ఉత్త అమాయకులు. మంచివాళ్లను ఏరుకోవడానికే ఇదంతా అని నమ్మి, కనిపించిన ప్రతి విద్యార్థి చేతా దరఖాస్తు పెట్టించారు. నేనూ అలాగే నమ్మాను. నాణ్యతకు కాపలా కాస్తున్నానని తెగ పొంగిపోయాను.

గవర్రాజు గారి అక్క కూతురు సుహాసిని. చిన్నప్పుడు వేలు పట్టుకుని బడికి తీసుకెళ్లింది ఈ మావయ్యే. ఆ పిల్లకు ఎర్రగేటులో సీటొచ్చింది. ఆ సీటు ఖాయం చేసుకోవడానికి ఆఖరి రోజున మా ఆఫీసుకు వచ్చింది.

“ఇక్కడ ఇంకా ఏమీ తేలలేదు. ఏం చెయ్యను మావయ్యా?”

“వదిలెయ్యమ్మా. ఈ ఏడు మనదే పెద్ద పేరు. నీ మార్కులకి కళ్లకద్దుకుని ఇస్తారు. నేనున్నాగా!”

వదిలేసింది.

వారం తిరక్కుండా వైస్ ఛాన్సలర్ గారి గదినుంచి ఒక కట్ట వచ్చింది. అన్నీ మంచి మార్కుల దరఖాస్తులే. ఎర్రగేటు జాబితాలో పేరున్న వాళ్లందరినీ ఏరి పెట్టారు. సీటిచ్చినా వీళ్లు ఎలాగూ అటే పోతారట. వాళ్లు మనల్ని కాదనేలోపు మనమే వాళ్లను కాదనాలట. పైనుంచి మూడోది సుహాసినిది.

గవర్రాజు గారు నన్ను చేతిలో పట్టుకునే ఆ గదికి పరుగెత్తారు. “ఈ అమ్మాయి అక్కడ సీటు వదిలేసుకుందండి. మా మేనకోడలండి. మనల్నే నమ్ముకునుందండి.”

“ఒకళ్లకి మారిస్తే అందరూ వస్తారు. వెయ్యండి,” అన్నారాయన తలెత్తకుండానే.

వేశారు. నేను వంకరగా పడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. నన్నూ మోసం చేశారు. ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది వాళ్ల డాబుకి.

మర్నాడు సుహాసిని ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

“నువ్వే వేశావా మావయ్యా?”

“నేను కాదే. పైవాళ్లు...”

ఆయన బొటనవేలికి నా ఊదారంగు ఇంకా ఉంది. ఆ పిల్ల దాన్ని చూసింది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది.

“వస్తానండీ,” అంది.

గవర్రాజు గారు మళ్లీ నన్ను ముట్టుకోలేదు. సొరుగు అడుగుకు తోసేశారు. ఆఫీసు వాళ్లు ఇంకో స్టాంపు చేయించుకున్నారు. ప్రహరీ గోడ మీద ‘వందకు ఐదుగురికే ప్రవేశం’ అని నిలువెత్తు అక్షరాలతో రాయించారని విన్నాను. ఎర్రగేటును మించిపోయామని ఊరంతా చెప్పుకుంటోందట.

సుహాసిని మాత్రం ఆ ఏడు ఏ గేటూ దాటలేదు.