గేర్‌బాక్సు పైబోల్టు పంతం

నేను ఒక బోల్టుని. మండపేటలో అబ్బులు నడిపే పాత వ్యాను గేర్‌బాక్సుకి పక్కగా, కాస్త పైన బిగించిన ఇరవైనాలుగో నంబరు బోల్టుని. లోపలికి నూనె పొయ్యాలంటే నన్ను విప్పాలి. పాత నూనె దించడానికి అడుగున ఇంకో బోల్టు ఉంది. ఎవడు పానా పట్టుకొచ్చినా ఊడి వాడి చేతిలో పడే రకం. దానికి సిగ్గు లేదు.

నాకు మనుషులంటే పడదు. పంతొమ్మిదేళ్ల కిందట కార్ఖానాలో ఒకాయన నన్ను కొలత ప్రకారం బిగించి, బాగుందన్నట్టు వేలితో తట్టాడు. ఆ తరవాత నన్ను ముట్టిన చెయ్యి లేదు. మొదటి యజమాని సోడా పెట్టెలు మోయించాడు. రెండోవాడు బడిపిల్లల్ని బస్తాల్లా కుక్కాడు. ఇద్దరూ ఎఫ్‌సీకి అంటే సర్కారువారి బండి తనిఖీకి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా వ్యాను అడుగుభాగమంతా నల్లరంగు కొట్టించారు. లోపల నూనె ఉందో లేదో చూడరు గానీ రంగు మాత్రం తప్పదు. పైన పటారం, లోన లొటారం. వ్యాను కొన్నాక అబ్బులూ అదే చేశాడు. పొర మీద పొర పడి నా ఆరు పలకలూ మాయమయ్యాయి.

ఈ వైశాఖంలో మూడో గేరు గరగరలాడటం మొదలెట్టింది. అబ్బులు ఫోనులో ఒక వీడియో చూసి, నూనె మార్చడం అరగంట పని అని తేల్చేశాడు. అందుకు ఈ మహానుభావుడు ఎంచుకున్న రోజు చూడండి. ఆ సాయంత్రమే అతని భార్య వీరవేణికి మొట్టమొదటి పెళ్లి వంట. ఇన్నాళ్లూ బారసాలలకీ వ్రతాలకీ వండిన మనిషి, ఇప్పుడు రెండువందలమందికి పెరట్లో వండుతోంది. నాలుగింటికి గిన్నెలన్నీ ఈ వ్యాన్లోనే ఆలమూరు బయల్దేరాలి. ముహూర్తాల రోజు కాబట్టి ఊళ్లో ఇంకో వ్యాను దొరకదు. భోజనం అందకపోతే ఆవిణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు. ఇదంతా తెలిసీ, నాలుగు దాకా ఖాళీయే కదా అని అబ్బులు పదకొండింటికి వ్యాను కిందకి దూరాడు.

"ముందు పైది ఊడుద్దో లేదో చూసుకోండి. అది ఊడాక కదా కిందది ఇప్పేది," అంది వీరవేణి, గరిటె చేత్తో పట్టుకునే.

"నువ్వు పులిహోర సంగతి చూసుకోవే," అన్నాడు అబ్బులు.

కింది బోల్టు విప్పేశాడు. నల్లటి నూనె వీరవేణి పెరుగు బేసిన్లోకి దిగింది. బేసిను చెప్పకుండానే తీసుకున్నాడు. గేర్‌బాక్సు పూర్తిగా ఖాళీ అయ్యాక అప్పుడు నా కోసం వెతికాడు. రంగు కింద నన్ను కనిపెట్టడానికే పావుగంట పట్టింది. పానా వేశాడు, జారింది. దానికి ఇనపగొట్టం తగిలించి లాగాడు. నా మూలలు అరిగాయి గానీ నేను కదల్లేదు. కిరసనాయిలు పోశాడు, సుత్తితో బాదాడు, నా పుట్టుకనీ నన్ను చేసినవాడి పుట్టుకనీ తిట్టాడు. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. పంతొమ్మిదేళ్లు పలకరించనివాళ్లు పనిబడి వస్తే ఎదురెళ్లి కాళ్లు కడిగే రకం కాను నేను. ఆ పెళ్లివారంతా పస్తు పడుకున్నా నాకు దిగుల్లేదు.

రెండున్నరకి అబ్బులు కింది బోల్టు మళ్లీ బిగించి, చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు.

"నూనె లేకుండానే మెల్లగా పోనిచ్చేద్దాం. ఎంత దూరమని, పక్కూరేగా."

"దార్లో గేరు పళ్లు అరిగి ఆగిపోతే? ఈ గిన్నెలు నెత్తినెట్టుకుని నడిచెళ్లనా?"

వీరవేణి తాళంచెవి లాక్కుని కొంగున ముడేసుకుంది. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. డ్రైవరు సీట్లో కూలబడి, గేరు రాడ్డు పట్టుకుని అది కిందకి దిగినచోటికేసి చూసింది.

"ఇది ఎక్కడికి దిగుద్దండీ?"

"ఎక్కడికేంటి, గేర్‌బాక్సులోకే."

"నూనె పొయ్యాల్సిందీ అందులోకేగా."

అబ్బులు స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

రబ్బరు తొడుగు లేపి, చుట్టూ మరలు విప్పి, రాడ్డు పైకి లాగారు. వీరవేణి వంటనూనె గరాటా తెచ్చి, అబ్బులు కొనిపెట్టుకున్న గేరు నూనె రెండు లీటర్లు కొలిచి ఆ కంతలోంచి పోసింది. అది లోపల్లోపలే పాకి వచ్చి, వెనకనుంచి నన్ను తాకి ఆగింది. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకుందట ముసలమ్మ. ఆవిణ్ణి చూసి ఇన్నాళ్లూ నేనూ నవ్వినదాన్నే.

రాడ్డు మళ్లీ బిగించి, నాలుగయ్యేసరికి గిన్నెలన్నీ ఎక్కించారు. మూడో గేరు కిక్కురుమనకుండా పడింది.

"మరి ఆ పైబోల్టు?" అని వీరవేణి అడిగింది.

"దాన్నలా ఉండనీ. చుక్క కారట్లేదు, అది చాలు," అన్నాడు అబ్బులు.

ఆ మెచ్చుకోలుకి నేను ఇప్పటికీ మండిపోతున్నాను. నాకు పగ పెంచుకోవడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. వాళ్లకి నేను అక్కర్లేకుండా పోవడానికి ఒక గరాటా సరిపోయింది.