వెనక్కి నడిచే ఎద్దులు

జీవమ్మ నోట మాట వచ్చిందంటే వచ్చిందే. తర్వాత దాన్ని మింగమంటే ఆమె వల్ల కాదు. అందుకే అన్నదమ్ములు వేరుపడిన రోజు పెద్దమనుషుల ముందు "మాకు ఆ ఎద్దులు ఇయ్యండి, సాలు" అనేసింది. మొగుడు తిమ్మయ్య వంకైనా చూడలేదు.

ఓర్వకల్లు పక్కన వాళ్ల ఊళ్లో, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడంలో తిమ్మయ్యను మించినవాడు లేడు. అతను గొంతెత్తి పదం పాడితే ఎద్దులు వాలుబాటలో దిగి, తోలు బానను బావిలోంచి పైకి లాగేవి. పదం ముగిస్తే వాటంతట అవే వెనక్కి నడిచి గట్టెక్కేవి, బాన మళ్లీ నీళ్లలో మునిగేది. గట్టు మీద అన్న ఓబులేసు నిలబడి నీళ్లు మళ్లించేవాడు. ఏం కాలం వచ్చిందో, ఆ ఓబులేసే ఆయిల్ ఇంజను తెచ్చి బావి దగ్గర పెట్టాడు. తిమ్మయ్య పనీ పోయింది, పాటా పోయింది, ఆ పైన ఇల్లూ రెండయింది. బావి, ఇంజను అన్నకు. బండి, ఎద్దులు తమ్ముడికి.

తోడికోడలు రామలక్ష్మమ్మ నవ్వు దాచుకోలేదు. "ఎనక్కి నడిచే ఎద్దుల్ని కట్టుకొని ముందుకేం పోతావే?" అంది.

జీవమ్మకు లెక్కేముంది! కర్నూలు కొత్తగా రాజధాని అయింది. సర్కారు కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. మద్రాసు నుంచి బల్లలు, బీరువాలు, గుమాస్తాల సంసారాలు దిగుతూనే ఉన్నాయి. బండి ఉన్నవాడికి అక్కడ పని కరువా? ఆ పట్నం పాత ఊళ్లో ఒక గది చూసుకుని కాపురం పెట్టేసింది.

నిజమే, పనికి కొదవ లేదు. చిక్కంతా ఎద్దుల దగ్గరే వచ్చింది. నడిబజారులో ఉన్నట్టుండి ఆగి వెనక్కి నడిచేవి. ఒకరోజు కుండల అంగట్లోకి పోయాయి. ఇంకోరోజు పెళ్లి మేళంలోకి పోతే, సన్నాయి ఊదే ఆయన సన్నాయి వదిలి తిట్లు అందుకున్నాడు. బండ్లకు బాడుగలు కుదిర్చే హుసేన్ వలి నెమ్మదైన మనిషి. ఆయన కూడా విసిగిపోయి, ముందు ఎద్దుల్ని మార్చుకో, తర్వాత చూద్దామని చెప్పేశాడు.

చెడ్డ కబురుకు కాళ్లు ఎక్కువ. శుక్రవారం బేరగాణ్ణి వెంటబెట్టుకొని వస్తాననీ, ఎద్దుల్ని అమ్మేసి ఊరికి వచ్చేస్తే తన చేలో పని ఇస్తాననీ ఓబులేసు కబురు పెట్టాడు. తిమ్మయ్య సరేనని తల ఊపాడు. జీవమ్మకు ఒళ్లు మండిపోయింది. అన్న చేలో తమ్ముడు కూలికి పోవాలా? రామలక్ష్మమ్మ వాకిట్లో తను చేట పట్టుకొని నిలబడాలా? ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఏడుపును పక్కన పెట్టి కోపాన్ని మాత్రం ఉంచుకుంది.

మర్నాడు పొద్దున్నే, వీటికి ఏ దయ్యం పట్టిందో చూద్దామని తనే బండెక్కి కూర్చుంది. తిమ్మయ్య పదం ఎత్తుకున్నాడు, ఎద్దులు చక్కగా నడిచాయి. పదం అయిపోయింది, వెనక్కి నడిచాయి. రెండోసారీ అంతే. జీవమ్మ తల కొట్టుకుంది. ఇన్నేళ్లు బావి దగ్గరికి సంగటి మోసుకుపోయి కూడా ఇది తట్టలేదే!

"దయ్యం ఎద్దులకు కాదు, నీకు పట్టిండాది. నీ పదం అయిపోతానే అవి బావికి పోతాండాయి."

పాడకుండా తోలి చూడమంది. తిమ్మయ్య పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకొని ఎద్దుల్ని తోలింది లేదు. మూసుకున్నాడు. ఎద్దులు కాలు కదపలేదు. ఇంక ఒకటే దారి, ఒక పదం తెగకముందే ఇంకోటి అందుకోవాలి. అలా ఊరంతా తిరిగి వచ్చారు, ఎక్కడా వెనక్కి పోలేదు. కానీ ఆ మాట హుసేన్ వలికి చెబితే ఆయన నమ్మలేదు.

శుక్రవారం ఓబులేసు వచ్చాడు. బేరగాడు వస్తూనే ఎద్దుల పళ్లు చూశాడు. అదే సమయానికి వీధి చివర హుసేన్ వలి తల పట్టుకొని నిలబడి ఉన్నాడు. సందు కొసన ఇంట్లోకి ఒక టేకు బీరువా చేర్చాలి. బండి లోపలికి పోతే తిరిగే చోటు లేదు. అంత దూరం చేతుల మీద మోయడం తమ వల్ల కాదని కూలీలు కూర్చున్నారు.

జీవమ్మ చకచకా వెళ్లింది. "సాయిబూ, మా బండి ఎనక్కి పోతాది" అంది. కూలీలు నవ్వారు. ఆమె బావ వైపు తిరిగింది. "ఇది కాలేదంటే నా చేత్తోనే పలుపులు ఇప్పి ఇచ్చేస్తా బావా. మారు మాట్లాడను."

బీరువా బండెక్కింది. తిమ్మయ్య పాడుతూ బండిని సందు మొదలు దాటించి, దాని వెనక వైపు సందుకు తిప్పి, అక్కడ పదం ముగించాడు. ఎద్దులు వెనకడుగు వేశాయి. చక్రాలు గోడకు రాసుకుంటాయేమోనని ఓబులేసు ముందే సందు కొసకు పోయి నిలబడ్డాడు, ఎంతైనా అన్న కదా. బండి సగం దాకా సాఫీగా పోయింది. అక్కడ ఆగింది. ఎద్దులకు తెలిసిన కపిల బాట పొడవు అంతే, ఇక ముందుకు పోవడమే వాటి పద్ధతి. జీవమ్మ చూపు ఎద్దుల పలుపుల మీద పడింది.

"ఇంకా... ఇంకా రా... బాన అందలా!"

ఆ కేక ఓబులేసుది. ఎండాకాలం నీళ్లు అడుగంటి బాన అందనప్పుడు గట్టు మీద నుంచి అతను అలాగే పిలిచేవాడు, ఎద్దులు అంచుదాకా వచ్చేవి. ఇప్పుడు ఎవరూ అడగలేదు, అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. ఎద్దులు చెవులు ఆడించాయి. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ బీరువాను తెచ్చి గడపకు ఆనించాయి.

హుసేన్ వలి అక్కడికక్కడే పాత ఊరి సందుల్లో బాడుగలన్నీ తిమ్మయ్యకే అన్నాడు. ఎద్దులు అమ్ముతారా లేదా అని బేరగాడు గొణిగాడు. లేదప్పా, పో, అన్నాడు ఓబులేసు. అతని కళ్లు తడిసి ఉన్నాయి.

"ఇంజను పెట్టినంక ఆ మాట నా నోట్లోంచి రాలేదమ్మా. దాంతో మాట్లాడేకి ఏముండాది?"

జీవమ్మ అతనికి సంగటి పెట్టింది, కడుపునిండా తినేదాకా ఊరుకోలేదు. చెయ్యి కడుక్కుంటూ అతను, మీ అక్కకు ఏం చెప్పమంటావని అడిగాడు.

"ఎద్దులు ఇంకా ఎనక్కే నడుస్తాండాయని చెప్పు బావా. మేం మాత్రం ఎనక్కి రామని చెప్పు."

బస్సు దగ్గర దింపి వస్తానని తిమ్మయ్య అన్నను బండెక్కించుకున్నాడు. వీధి మలుపు తిరగకముందే తమ్ముడు పదం ఎత్తుకోవడం, అన్న గొంతు కలపడం ఆమెకు వినిపించాయి. పదం అయిపోయింది. తర్వాత "ఇంకా రా" అన్న కేక, ఇద్దరి నవ్వూ వినిపించాయి. బండి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం ముందుకు వచ్చేసింది.

ఆ పూట ఓర్వకల్లు బస్సు తప్పిపోయినట్టే. జీవమ్మ లోపలికి పోయి రాత్రికి ఇంకో పిడికెడు రాగిపిండి కొలిచింది.