అత్త పేరే కోడలి పేరు

గరగరమని రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు. చీకటిలోనే ఆమె ఉలిక్కిపడి లేచింది. పిండి రుబ్బడం కోడలి పని. తనకంటే ముందు రోలు లేచిందంటే తప్పు తనదే. పరుగున వంటింట్లోకి పోతే, అత్త తలెత్తకుండానే అంది: "నాకూ ఈ పొద్దు బడి ఉండాది గదా. పోయి నీళ్లు పోసుకో."

అత్త పేరు అళగమ్మాళ్. కోడలి పేరూ అదే. పెళ్లిపందిట్లో అందరూ నవ్వుకున్నారు. మరునాటి నుంచి కోడలి పేరు ఆ ఇంట మూగబోయింది. పెద్దావిడ పేరు పెట్టి ఆమెను పిలిచేదెవరు? భర్త పెరుమాళ్సామి 'ఏమే' అంటాడు. బడిలో హెడ్‌మాస్టర్ పొన్నయ్య 'ఒకటో క్లాసు టీచర్' అంటాడు. అత్త వినేచోట తన పేరు తాను కూడా పలకకపోవడమే మర్యాదని ఆమె నేర్చుకుంది.

తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కనున్న ఆ ఊళ్లో ఇంటిమాట తెలుగు, బడిమాట తమిళం. ఒకటో తరగతిలో నోరు పెగలక ఏడ్చే పిల్లల కోసం ఆమె ఒక పథకం ఆలోచించింది: ఊరి అవ్వలు వచ్చి ఇంటిమాటలో కథ చెప్పాలి, పిల్లలు తిరిగి చెప్పాలి, ఆ తరువాతే తమిళ అక్షరాలు. టీచర్ల పథకాలకు నిధులిచ్చే మదురై సంస్థ ఒక ఏడాదికి ఒప్పుకుంది. "ముసిలోళ్ల కతకు దుడ్డిస్తారా? అట్లయితే మా అమ్మకు నేను ఎంత బాకీయో" అని పెరుమాళ్సామి నవ్వాడు. అత్త మాత్రం మరునాడే ఉతికిన చీర కట్టుకుని బడికి బయలుదేరింది.

ఈ రోజు పథకం ఎలా సాగుతోందో చూడటానికి సంస్థ నుంచి వాసుకి అనే ఆమె వచ్చింది. అత్త నక్క కథ చెబుతుంటే, పిల్లలు ఒకరి మాట మీద ఒకరు పడి కథను లాక్కుంటుంటే, చాలాసేపు చూసింది. రెండో ఏడాదీ నిధి ఇస్తామంది. పథకం ఏ టీచరుదో ఆ పేరు మీదే ఇస్తామని, ఖర్చు ఆ టీచరే నిర్ణయించాలని చెప్పింది. పొన్నయ్య గొంతు సవరించుకుని తన పేరు రాసుకొమ్మన్నాడు. ఈసారి ప్రహరీ గోడ కట్టిద్దామన్నాడు.

డబ్బంతా గోడకే పోతే అవ్వలు ఇంటికి, పిల్లలు మళ్లీ మౌనంలోకి. కోడలు లేచి నిలబడి, పథకం తనదని తమిళంలో చెప్పింది. వాసుకి పేరడిగింది.

ఎదురుగా చాప మీద అత్త. కోడలి నాలుక అలవాటుగా అణగిపోయింది.

అత్త ఒడిలోని పిల్లను సర్దుకుని, మెల్లగా తెలుగులో అంది: "చెప్పవే. పోయేటప్పుడు పేరును నేను మూట కట్టుకొని పోతానా? ఇద్దరికీ చాలేంత ఉండాది."

కోడలికి నవ్వు వచ్చింది. దాన్ని మింగకుండా, గదంతా వినేటట్లు పలికింది.

"అళగమ్మాళ్."